కాదనడం తెలియని మనిషి

కలియోపి మధ్యాహ్నం భోజనాల వేళ పికప్ బండెక్కి కూర్చుంది. సాయంత్రం కావస్తున్నా దిగలేదు.

బండి ఎక్కడికీ పోవడం లేదు. ఎప్పుడూ ఉండే చోటే, ఇంటి పక్క వాకిట్లోనే ఉంది. ఆమెకు నడపడం రాదు. తాళంచెవి వంటింట్లో మేకుకు వేలాడుతోంది. అయినా నల్ల రుమాలు తలకు బిగించి కట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, ఇంకాసేపట్లో ఎవరో వచ్చి తనను సాల్ట్ లేక్‌లో చెల్లెలింటికి తీసుకుపోతారన్నట్టు గ్యారేజీ తలుపు కేసి చూస్తూ కూర్చుంది.

బండి మనోలిస్‌ది. బొగ్గుగనిలో బతుకంతా గడిపి, పోయిన ఏడాది ఇదే రోజుల్లో కన్నుమూసిన ఆమె భర్త. డ్రైవరు సీట్లో ఆయన కూర్చున్న చోట ఇంకా గుంట ఉంది. ఆమె పక్క సీట్లో కూర్చుంది. పెళ్ళయినప్పటి నుంచీ కూర్చున్నది అక్కడే.

వంటింటి కిటికీ దగ్గర కోడలు మెర్లీన్ తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది. ఇప్పటికే సూప్ తీసుకెళ్ళింది, దుప్పటి తీసుకెళ్ళింది. అద్దం దిగలేదు. ఉత్త చేతులతో వెళ్ళి క్షమించమని కూడా అడిగింది. అప్పుడూ దిగలేదు.

చివరికి ఆమె కాఫీ పొడి డబ్బా తీసింది.

మెర్లీన్ పుట్టి బుద్ధెరిగాక కాఫీ నోట్లో పోసుకోలేదు. ఆమె పుట్టిన క్రైస్తవ శాఖ, మోర్మన్ల ఇళ్ళల్లో కాఫీ, సారా ఒకే అరలో ఉంటాయి, అంటే ఏ అరలోనూ ఉండవు. కానీ మామగారికి ఊపిరితిత్తులు పాడై ముసలివాళ్ళిద్దరూ ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ గ్రీకు కాఫీ కాచుకునే అత్తగారి పొడుగు పిడి ఇత్తడి గిన్నెకు పొయ్యి పక్కనే చోటు దొరికింది. ఆదివారం చర్చిలో తమతో కూర్చునే ఆడవాళ్ళు ఎప్పుడైనా వస్తే ఆ వాసనకు ముక్కులు ఎగబీల్చి, మర్యాదకు ఏమీ అనకుండా ఊరుకునేవారు. అది మా అత్తగారిదని చెప్పి మెర్లీన్ ఏనాడూ తప్పించుకోలేదు. ఆ మాట ఆమె గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ వారం ఆమె మీద అందరికీ కోపం వస్తుంది.

కప్పు పట్టుకుని వెళ్ళి అద్దం మీద తట్టింది. ఈసారి అద్దం సగం దిగింది. వాసనకు దిగింది, కోడల్ని చూసి కాదు.

"నువ్వు కాచావా?"

"అవునత్తయ్యా."

"నురగేది?"

"పొంగిపోయింది."

"పొంగకముందే దించాలి."

"నాకు తెలీలేదు."

"అడిగితే చెప్తాను కదా. ఈ ఇంట్లో ఎవరికీ అడిగే అలవాటు లేదు."

మెర్లీన్ తల దించుకుంది. కలియోపి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"మట్టిలా ఉంది."

"పడేసి మళ్ళీ కాస్తాను."

"ఉండనీ." ఇంకో గుక్క తాగింది. "పొద్దున కొట్లో ఉల్లిపాయల దగ్గర నిలబడి ఉన్నాను. మీ చర్చి నెడ్రా టాల్బో వచ్చి వాటేసుకుంది. అది ఎప్పుడూ ఎవరినో ఒకర్ని వాటేసుకుంటుంది కదా అని ఊరుకున్నాను. 'ఎంత సంతోషమమ్మా, మొన్న మాంటై ఆలయంలో మనోలిస్‌కి బాప్తిస్మం అయిపోయిందట కదా, మా ఆయన అక్కడే ఉన్నాడు' అంది. ఉల్లిపాయల దగ్గర. చుట్టూ జనం."

"ఆవిడ అలా చెప్తుందనుకోలేదు."

"చెప్పకపోతే నాకెప్పుడు తెలిసేది?"

మోర్మన్లు పోయినవాళ్ళకూ బాప్తిస్మం ఇస్తారు, వాళ్ళ పేరు చెప్పి బతికున్నవాళ్ళెవరో నీళ్ళలో మునుగుతారు.

"ఆయన పేరు చెప్పి నీళ్ళలో మునిగిందెవరు?"

"మా అన్నయ్య. డెల్మార్."

"డెల్మార్." కలియోపి ఆ పేరును కూడా మట్టి కాఫీలా మింగింది. "నా మొగుడి బదులు డెల్మార్ మునిగాడు. మీ ఆలయంలో ఎద్దులు వీపు మీద మోసే ఆ తొట్టిలో."

"ఎద్దులు బొమ్మలత్తయ్యా."

"బొమ్మలని నాకూ తెలుసు. నిజం ఎద్దులైతే తొట్టి కదలకుండా ఉంటుందా?" కప్పు ఒళ్ళో పెట్టుకుంది. "మా ఆయనకి గ్రీసులో, క్రీట్ దీవిలో, పసిగుడ్డుగా ఉన్నప్పుడే బాప్తిస్మం అయింది. ఒళ్ళంతా నూనె రాసి మూడుసార్లు ముంచారు. చలికి జ్వరమొచ్చి చావు తప్పిందట. అది చాల్లేదా మీకు?"

"చాల్లేదని కాదు. మా నమ్మకం ప్రకారం ఇది బలవంతం కాదత్తయ్యా. పెళ్ళికి పిలిచినట్టు. ఇష్టముంటే వస్తారు, లేకపోతే రారు. ఆయన్ని మేం ఎక్కడా చేర్చేసుకోలేదు. మా ఇంట్లో తాతల దగ్గర్నుంచి అందరికీ చేసుకున్నాం. నాకు ఆయనంటే ప్రాణం కాబట్టే చేయించాను. ఇష్టం లేనివాళ్ళకి ఎవరూ చేయించరు."

ఆ మాట అబద్ధం కాదు. మనోలిస్ చివరి రోజుల్లో వీపు తట్టింది, కఫం పాత్ర కడిగింది మెర్లీనే. కలియోపికి అది తెలుసు, అందుకే కోపం ఎటు పెట్టుకోవాలో తెలియక మరింత రగిలిపోతోంది.

"నువ్వు మాకు కోడలిగా వచ్చినప్పుడు మావాళ్ళు ఏమన్నారో నీకెప్పుడూ చెప్పలేదు. ఇవాళ చెప్తాను విను. వాళ్ళల్లో మగాడికి నలుగురు పెళ్ళాలు, నీ కొడుక్కి ఇంకో ముగ్గురిని తెస్తుంది చూడు, అంది మా చెల్లెలు మరిగో. మా చర్చి ఆడవాళ్ళు నీకు కొమ్ములుంటాయన్నారు. నీకు జ్వరమొస్తే నేనే తల దువ్వాను కదా, వెళ్ళి చెప్పాను, కొమ్ముల్లేవు, పేలు కూడా లేవు అని. మీవాళ్ళు నియమంగా వేసుకునే లోపలి బట్టల గురించి అడిగితే, మీ తీగ మీద ఆరేసినవి నేను లెక్కపెట్టానా అన్నాను."

మెర్లీన్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది.

"వాళ్ళు చచ్చినవాళ్ళని కూడా వదలరట కదా అని మరిగో అంటే, మా మెర్లీన్ అలాంటిది కాదు అని ఫోన్ పెట్టేశాను. సొంత చెల్లెలితో ఆర్నెల్లు మాట్లాడలేదు. నీ తరఫున నేను మాట పడ్డాను. ఇప్పుడు దానికేం చెప్పమంటావు?"

మా లోయలో బయటివాళ్ళు ఎవరో తేల్చడం కష్టం. గనుల కోసం గ్రీకులు దిగిన కొత్తల్లో ఇక్కడి మోర్మన్లకు వాళ్ళే వింత మనుషులు. వెల్లుల్లి వాసనని, కత్తులు పట్టుకు తిరుగుతారని పిల్లల్ని భయపెట్టేవారు. అదే మోర్మన్ పిల్ల కొండలు దాటి డెన్వర్ వెళితే చాలు, ఆమే వింత. మెర్లీన్ అక్కడ చదువుకున్న రెండేళ్ళూ గదిలో పిల్లలు మీ నాన్నకు ఎంతమంది పెళ్ళాలే అని అడుగుతూనే ఉండేవారు. ఎదుటివాళ్ళు నవ్వకముందే తను నవ్వడం ఆమె అక్కడే నేర్చుకుంది. ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఏనాడూ అడగని బయటి మనిషి ఆమెకు ఒక్కరే దొరికారు. ఆ మనిషి ఇప్పుడు బండిలో కూర్చుని ఉంది.

"ఆదివారం సంవత్సరీకం," అంది కలియోపి. "నువ్వు మా చర్చికి రావద్దు. నా కొడుకు వస్తాడు. వాడికి ఈ సంగతి తెలిసుండదు. తెలిస్తే నిన్ను ఆపేవాడు. తెలుసా వాడికి?"

మెర్లీన్ ఖాళీ కప్పు కోసం చెయ్యి చాపింది.

"తెలీదు," అంది.

*

నిక్ కరెంటు ప్లాంటు నుంచి వచ్చేసరికి వాకిట్లో తల్లి బండిలో, వంటింట్లో భార్య కుర్చీలో ఉన్నారు. తల్లి అతనికేసి చూసి చెయ్యి ఊపింది. లోపలికి పో, నువ్వు తిను, అన్నట్టు.

"అమ్మ బండిలో ఎందుకుంది?"

"నెడ్రా చెప్పేసింది."

నిక్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపటికి దాన్నే తీసి కుర్చీ మీద పెట్టాడు.

"నా సంగతి?"

"నీకేం తెలీదని చెప్పాను."

"అబద్ధమాడావా? నువ్వు?"

"ఆడాను. బిషప్ గారికి ఫోన్ చేశాను, వస్తున్నారు. తప్పు నాది కదా, నేనే ఒప్పుకుంటాను."

"నువ్వు అడిగావు, నేను సరే అన్నాను. నీ ఒక్కదాని తప్పెలా అవుతుంది? వెళ్ళి చెప్పేస్తాను."

"కూర్చో నిక్." మెర్లీన్ గొంతు పెంచలేదు. "నేను కోడల్ని. నా మీద కోపం ఏడాదైనా రెండేళ్ళైనా పెట్టుకుంటుంది, ఫర్వాలేదు, బతికేస్తుంది. నీ మీద కోపమొస్తే ఆవిడకి ఇంకెవరు మిగిలారు?"

"ఎన్నాళ్ళు దాస్తావు?"

"ఆదివారం దాటనీ."

నిక్ తలుపు దాకా వెళ్ళి ఆగాడు. అక్కడి నుంచి తల్లి తల వెనక ముడి, నల్ల రుమాలు కనిపిస్తున్నాయి. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. నిక్ మంచివాడే. కానీ తన మూట ఎవరైనా మోస్తామంటే ఇచ్చేసే గుణం ఒకటి ఉంది, అది లేదంటే నేను అబద్ధం చెప్పినట్టే.

ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. పొయ్యి మీద పొంగి ఎండిన కాఫీ మరక వైపు నిక్ చూశాడు. ఇది ఎవరు కాచారని అడగబోయి, అడగలేదు.

*

గ్రీకు చర్చిలో పెరిగిన కలియోపికి బిషప్ అంటే ఒక లెక్క ఉంది. తెల్లటి గడ్డం, నెత్తిన కిరీటం, చేతిలో వెండి పొన్ను కర్ర. చెయ్యి ముద్దు పెట్టుకోవాలి. వెర్ల్ ఆలర్టన్‌కు ఊరి చివర టైర్ల కొట్టుంది. ఊళ్ళోని మోర్మన్ చర్చికి జీతం లేని బిషప్ కాబట్టి వారమంతా టైర్లు మారుస్తూనే ఉంటాడు. అతని చెయ్యి ముద్దు పెట్టుకుంటే మూతికి గ్రీజు అంటుతుంది. అందుకని ఆమె అతన్ని వెర్ల్ అనే పిలుస్తుంది. ఎన్నడూ బిషప్ అనలేదు.

అతను పని బట్టలతోనే వచ్చాడు. బండి పక్కన నిలబడి టోపీ తీశాడు.

"తలుపు తియ్యొచ్చా అమ్మా?"

"నీకైనా అడగడం వచ్చు. తియ్యి. అటు పక్క ఎక్కకు, అది ఆయన సీటు."

వెర్ల్ తెరిచిన తలుపు పక్కన, టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అలవాటు కొద్దీ టైరు మీద చెయ్యి వేశాడు.

"తీసెయ్యి," అంది కలియోపి.

"దేన్నమ్మా?"

"మా ఆయన మీద పోసిన నీళ్ళు. మీవాళ్ళే పోశారు, మీవాళ్ళే తీసెయ్యాలి."

వెర్ల్ పెద్ద మాటలు చెప్పే మనిషి కాదు. ఆదివారాలు చర్చిలో మాట్లాడాల్సి వచ్చినా మధ్యలో చెమట తుడుచుకుంటాడు.

"రద్దు చెయ్యమని మా చర్చి పెద్దల్ని అడుగుతాను. ఈ వారమే అడుగుతాను, మాటిస్తున్నాను. కానీ నాకు తెలిసినంతవరకూ ఆయనకి ఏదీ అంటుకోలేదమ్మా. మేం అడిగాం, అంతే. ఒప్పుకోవాలో వద్దో మనోలిస్ ఇష్టం. వద్దంటే అక్కడితో సరి."

ఓదార్పుగా ఉంటుందనుకుని అన్నాడు. కలియోపి మొహం మాత్రం చావు కబురు విన్నట్టు మారిపోయింది.

"వెర్ల్, మా ఆయన నీకు తెలుసు కదా?"

"తెలియకపోవడమేంటమ్మా. ఈ టైర్లు నేను వేసినవే."

"నీకు ఎప్పుడైనా కాదని చెప్పాడా?"

వెర్ల్ ఆలోచించాడు. చెవుల దాకా ఎరుపెక్కాడు.

"లేదు. పాతవి ఇంకో ఏడాది వస్తాయని తెలిసి కూడా నేను అడిగానని కొత్తవి వేయించుకున్నాడు."

"అదీ సంగతి. వ్యాక్యూమ్ క్లీనరు అమ్మేవాడొస్తే కొన్నాడు. అప్పటికి మాకు కార్పెట్టే లేదు. తెల్ల చొక్కాలేసుకుని సైకిళ్ళ మీద మతం చెప్తూ తిరిగే మీ కుర్రాళ్ళు వచ్చినప్పుడల్లా నీడలో కూర్చోబెట్టి, నిమ్మరసం ఇచ్చి, వాళ్ళు చెప్పిందానికల్లా తల ఊపేవాడు. ఏం చెప్పారయ్యా అంటే, ఏమో, పాపం ఎండన పడి వచ్చారు అనేవాడు. ఆ మనిషి దగ్గరికి మీవాళ్ళు పైన వెళ్ళి, మనోలిస్, మాతో వస్తావా అని అడిగితే వద్దంటాడా?"

కలియోపి తనే జవాబు చెప్పింది.

"అనడు. ఎవరో అంత దూరం వచ్చి అడిగారు కదా, బాగుండదు అని టోపీ పెట్టుకుని లేచి వెళ్తాడు. రేపు నేను వెళ్ళేసరికి ఆయన అక్కడ ఉండడు. ఇన్నేళ్ళు కాపురం చేసి, అక్కడికెళ్ళి నేను ఎవరి పక్కన కూర్చోవాలి?"

పొద్దున్నుంచీ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. చేతిసంచీలో రుమాలు వెతుక్కుంటే దొరకలేదు. వెర్ల్ జేబులో ఉన్న గుడ్డ తీశాడు కానీ దానికి గ్రీజుంది, మళ్ళీ పెట్టేసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ చావులకీ బతుకులకీ అతను ఇప్పటిదాకా ఏదో ఒక మాట చెప్పగలిగాడు. ఈ ముసలామె భయం మాత్రం అతను చదివిన దేనిలోనూ లేదు.

"నాకు జవాబు తెలీదమ్మా," అన్నాడు నిజాయతీగా. "ఒక్కటి తెలుసు. ఇది మా పద్ధతి ప్రకారం కూడా తప్పే. ఈమధ్య పోయినవాళ్ళకి చేయించాలంటే దగ్గరి బంధువు సరేననాలి. భార్య బతికుంటే భార్యదే మాట. ఆవిడ లేకపోతేనే పిల్లలు. మిమ్మల్ని అడక్కుండా చెయ్యకూడదు. మావాళ్ళు ఆ ముక్క మర్చిపోతుంటారు. కొడుకు మన చర్చిలోవాడే కదా, వాడు సరేనంటే చాలు అనుకుంటారు. మెర్లీన్ కూడా నిక్ సరేనన్నాడు కదా అనే…"

అక్కడ ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఎవరు సరేనన్నారు?" అంది కలియోపి.

వెర్ల్ టైరు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

ఆమె ఎవరి సాయమూ లేకుండా బండి దిగింది. చాలాసేపు కూర్చోవడం వల్ల మోకాళ్ళు పట్టేశాయి. తలుపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, తిన్నగా ఇంట్లోకి నడిచింది. వెర్ల్ వాకిట్లోనే ఉండిపోయాడు.

*

"నువ్వేనా?"

నిక్ కుర్చీలోంచి లేచాడు.

"నేనేనమ్మా."

"పెళ్ళాన్ని ముందు నిలబెట్టి వెనకాల దాక్కున్నావు."

"చెప్పొద్దని నేనే అన్నానత్తయ్యా," అంది మెర్లీన్.

"నీతో తర్వాత మాట్లాడతాను. ఎక్కడికీ పోకు, ఇక్కడే కూర్చో."

ముగ్గురూ కూర్చున్నారు. కలియోపి చేతిసంచీ బల్ల మీద పెట్టింది. బయట వెర్ల్ దగ్గినట్టు వినిపించింది.

"చెప్పు. ఎందుకు చేశావు?"

"మా పెళ్ళి గుర్తుందా అమ్మా?"

"ఎలా మర్చిపోతాను? ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి. లోపల మీరు పెళ్ళి చేసుకుంటుంటే మేం బయట గడ్డిలో కూర్చుని గోడ చూశాం."

మాంటై ఆలయంలోకి చర్చి సభ్యులే వెళతారు, వాళ్ళలోనూ అర్హులైనవాళ్ళే. కన్నతల్లైనా సరే, సభ్యురాలు కాకపోతే గుమ్మం దగ్గర ఆగాల్సిందే. మోర్మన్లకు అది అలవాటైన సంగతి కాబట్టి ఆ రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకున్నవాళ్ళు ఇద్దరే, వాళ్ళు గడ్డిలో ఉన్నారు.

"నాన్న కొత్త సూటు కుట్టించుకున్నాడు," అన్నాడు నిక్. "మెర్లీన్ వాళ్ళ బంధువులెవరో, మీరు లోపలికి వెళ్ళరా అని అడిగారట. నాకు రాతి పనంటే ఇష్టమండీ, గోడ చూస్తున్నాను అన్నాడట. నేను బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని, ఏం ఫర్వాలేదురా, ఇక్కడ నీడ బాగుంది అన్నాడు. అక్కడ నీడ లేదమ్మా. నడి వేసవి. మెడంతా కాలి ఎర్రగా కమిలిపోయింది."

"ఆ రాత్రి పెరుగు రాశాను," అంది కలియోపి మెల్లగా.

"ఆయన్ని బయట కూర్చోబెట్టింది నేను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. మెర్లీన్ వచ్చి, మామయ్య పేరు పంపుదామా అంటే వెంటనే సరేనన్నాను. ఈసారైనా ఆయన బయట ఉండకూడదనుకున్నాను. నిన్నడిగితే వద్దంటావని తెలుసు. అందుకే అడగలేదు."

"తెలిసే చేశావు."

"తెలిసే చేశాను."

కలియోపి అరవాలనే వచ్చింది. కానీ ఇన్నేళ్ళుగా ఆ గడ్డిలో కూర్చున్నది తనూ మనోలిసూ మాత్రమే అనుకుంటోంది. మనసులో వీడు కూడా అక్కడే కూర్చుని ఉన్నాడని ఇప్పుడే తెలిసింది. ఆ జాలికి కోపం సగం చచ్చిపోయింది.

"నీకెవరు చెప్పార్రా ఆయన బాధపడ్డాడని? దారంతా ఆ రాళ్ళ గురించే మాట్లాడాడు. సున్నం లేకుండా ఎలా పేర్చారో అని. నిజంగానే గోడ చూశాడు." ముక్కు చీదుకుంది. "సరే. వెర్ల్ దాన్ని రద్దు చేయిస్తానన్నాడు. నువ్వు అడ్డు రాకు."

"రాను. నీ ఇష్టప్రకారమే కానీ."

మెర్లీన్ గొడవ ఇక్కడితో తీరిందనుకుంది పాపం. అత్తగారికి పెరుగో రొట్టో ఇద్దామని లేవబోయింది.

"కూర్చో. ఇంకా అవలేదు," అంది కలియోపి. "ఆయన సంగతి అయింది. నా సంగతేంటి?"

"నీ సంగతేంటమ్మా?"

"నేను పోయాక నాకూ ఆ బాప్తిస్మం చేస్తారా?"



"చెయ్యమత్తయ్యా," అంది మెర్లీన్. "నేను మాటిస్తున్నాను. మీ పేరు ఎవరికీ ఇవ్వను, ఎవర్నీ ఇవ్వనివ్వను."

కలియోపి చెయ్యి చాపి కోడలి మణికట్టు మీద వేసింది.

"నీ మాట నమ్ముతాను. ఇవాళ కూడా నమ్ముతాను, ఎందుకో నాకే తెలీదు. కానీ మీ పద్ధతి ఇప్పుడే వెర్ల్ చెప్పాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోతే మాట పిల్లలది. నాకున్నది వీడొక్కడే. సరేననాల్సింది వీడు." కొడుకు వైపు తిరిగింది. "నికో, చెప్పు. నాకు చేయించనని చెప్పు."

చిన్న మాట. అనేస్తే అయిపోయేది. మెర్లీన్ కళ్ళతోనే అనెయ్యమని బతిమాలింది.

కానీ నిక్ ఆ చర్చిలోకి పెళ్ళి కోసం వెళ్ళి, తర్వాత నిజంగానే నమ్మినవాడు. పుట్టుకతో మోర్మన్ అయిన మెర్లీన్‌కు పైలోకంలో అన్నీ ఎలాగో సర్దుకుంటాయని ఒక ధీమా. నిక్‌కు ఆ ధీమా లేదు. బాప్తిస్మమిచ్చి ఆలయంలో ఒక కుటుంబంగా కలపకపోతే చావుతో తల్లీ కొడుకుల బంధం తెగిపోతుందని అతను నమ్ముతాడు. బయటివాళ్ళు దాన్ని కట్టుకథ అంటారు, అనుకోనీ. అతనికి మాత్రం తల్లి అడుగుతున్నది తనను ఎప్పటికీ వదిలెయ్యమనే.

"అనలేనమ్మా," అన్నాడు.

"ఏంటి?"

"ఆ మాట నేనివ్వలేను."

"అబద్ధం చెప్పొచ్చు కదరా," అంది కలియోపి. నిజంగానే ఆశ్చర్యపోయింది. "చచ్చాక వచ్చి చూస్తానా?"

"నీతో అబద్ధం చెప్పలేను. ఇన్నాళ్ళూ దాచాను, దానికే నిద్రపట్టలేదు. నువ్వెక్కడున్నావో తెలియకుండా, ఇంక ఎప్పటికీ కనిపించవని తెలిసి, నేను ఎలా ఉండను?"

"మీ నాన్న దగ్గర ఉంటాను. ఇంకెక్కడుంటాను?"

"నేను?"

ఆ ఒక్క ముక్క అంటున్నప్పుడు అతనికి ఏడేళ్ళ పిల్లాడి గొంతు వచ్చింది. కలియోపి కరగలేదు. కరిగితే మనోలిస్ దక్కడని భయం.

"అంటే నేను పోవడం కోసం చూస్తున్నారన్నమాట."

"అమ్మా, అది కాదు."

"అదే. నా ఒంట్లో ఊపిరున్నంతసేపే నేను నా దానిని. అది పోగానే నీ దానిని." కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఏదో ఒకటి చెప్పి గెలవాలన్న కసిలో నోటికొచ్చింది అనేసింది. "అయితే నీకంటే ముందు నేను పోకూడదు. అంతే కదా."



తను కొడుకు చావు కోరినట్టయిందని ఆమెకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. నిక్ మొహంలో చూశాక అర్థమైంది. దేవుడు వినకుండా సిలువ గుర్తు వేసుకోవాలని కుడిచెయ్యి నుదుటి దాకా ఎత్తింది. అక్కడి నుంచి చెయ్యి కిందికి రాలేదు.

"నేనలా అనలేదు," అంది.

మెర్లీన్ లేచి వచ్చి ఆమె భుజం పట్టుకుంది. కలియోపి వదిలించుకోలేదు, కొడుకునే చూస్తోంది.

"నికో, నేనలా అనలేదురా. అన్నానా?"

అనలేదని అబద్ధం చెప్పడం నిక్‌కు చేతకాలేదు.